మళ్ళీ మూడు చక్రాల బండి

మా చిన్నప్పుడు చంటిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక మూడు చక్రాల బండి ఉండేది. ఊళ్ళో వడ్రంగి చేసిచ్చిన చెక్క బండి. మూడు చక్రాలు, పట్టుకుని నిలబడడానికి ఒక అడ్డకర్ర, అంతే. నడక నేర్చే పిల్లలు దాన్ని తోసుకుంటూ వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవాళ్ళు. కాళ్ళు కుదురుకోగానే బండి అటకెక్కేది. ఇంట్లో ఇంకో పసిబిడ్డ పుట్టాక మళ్ళీ కిందికి దిగేది.

ఆ బండి నాకు ఈమధ్య అమెరికాలో, సౌత్ డకోటాలో గుర్తొచ్చింది. బ్లాక్ హిల్స్ చూడ్డానికి వెళ్తూ దారిలో ఒక గ్యాస్ స్టేషన్లో ఆగాం. పక్క పంపు దగ్గర మెరూన్ రంగు మోటార్‌సైకిలొకటి నిలబెట్టి ఉంది. ముందునుంచి చూస్తే మామూలు హార్లీ డేవిడ్సనే. వెనక మాత్రం ఒక చక్రం ఉండాల్సిన చోట రెండున్నాయి, వాటి మధ్య కారు డిక్కీలాంటి పెట్టె. దాని యజమానికి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పెట్రోలు పోసుకుని, చేతికర్రని బండి పక్కనున్న క్లిప్పులో బిగించి, నెమ్మదిగా కాలు అటు వేసి కూర్చున్నాడు. వెనక సీట్లో ఆయన భార్య అప్పటికే సర్దుకుని ఉంది. పలకరిస్తే, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాక డాక్టరు బండి మానెయ్యమన్నాడనీ, తాను రెండు చక్రాల బండి మాత్రం మానేశాననీ చెప్పి నవ్వాడు.

ఆ తర్వాత ఈ బళ్ళ చరిత్ర కాస్త తిరగేశాను. వయసుకీ మూడో చక్రానికీ ఉన్న చుట్టరికం చాలా పాతదని తెలిసింది.

1870ల్లో ఇంగ్లండులో సైకిలంటే ముందు మనిషి ఛాతీ ఎత్తు చక్రం, వెనక పిల్ల చక్రం. దాని మీదికి ఎక్కడమే ఒక సాహసం. గులకరాయి తగిలితే మనిషి తలకిందులుగా ముందుకి పడేవాడు. కాబట్టి అది కుర్రవాళ్ళ బండి. ఆడవాళ్ళూ, నడివయసు దాటినవాళ్ళూ, పెద్దమనిషి తరహా వదులుకోలేని డాక్టర్లూ పాదిరీలూ ట్రైసికిల్ తొక్కేవారు. కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ అనే ఆయన ఇలాంటి బళ్ళు తయారు చేసేవాడు. మూడు చక్రాల బండిలో ఒక చిక్కుంది. మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటే బండి మొరాయిస్తుంది. దీనికి విరుగుడుగా స్టార్లీ 1877లో తన బండికి డిఫరెన్షియల్ గేరు అమర్చాడు. ఇవాళ మన కార్ల వెనక ఇరుసులో తిరిగే డిఫరెన్షియల్ పని కూడా అదే. 1881లో విక్టోరియా మహారాణి వైట్ దీవిలో ఒకమ్మాయి ట్రైసికిల్ మీద వెళ్తుంటే చూసి ముచ్చటపడి స్టార్లీ బళ్ళు రెండు తెప్పించుకుంది. అప్పటికి రాణిగారికి 62 ఏళ్ళు. ఆవిడ స్వయంగా తొక్కిందో లేదో గానీ, ఆ దెబ్బతో ట్రైసికిల్‌కి రాజమర్యాద వచ్చింది.

ఆ మర్యాద ఎక్కువకాలం నిలవలేదు. 1885లో స్టార్లీ అన్నదమ్ముల బిడ్డ జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండే ‘రోవర్’ సైకిలు తెచ్చాడు. ఇవాళ్టి సైకిలు రూపం దాదాపు అదే. అది ఎవరైనా తొక్కగలిగేది. దాంతో మూడు చక్రాలు వెనకబడ్డాయి. మోటారు వచ్చినప్పుడు మళ్ళీ ఒకసారి వాటి వంతు వచ్చింది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మొట్టమొదటి మోటారు బండికి మూడే చక్రాలు. ఆ తర్వాత ఫ్రాన్సులో డి డియాన్ బూటన్ వాళ్ళ మోటారు ట్రైసికిళ్ళు కొన్నేళ్ళు జోరుగా అమ్ముడయ్యాయి. నాలుగు చక్రాల కార్లు చౌకపడ్డాక అవీ పక్కకి తప్పుకున్నాయి.

అమెరికాలో మూడు చక్రాల మోటార్‌సైకిల్ స్థిరపడింది సరదా కోసం కాదు, కూటి కోసం. 1929లో మార్కెట్ కుప్పకూలాక మోటార్‌సైకిళ్ళు కొనేవాళ్ళు కరువయ్యారు. మిల్వాకీలో హార్లీ డేవిడ్సన్ కంపెనీ ఎవరికి ఏం అమ్మాలా అని ఆలోచించి 1932 మోడలుగా ‘సర్వీకార్’ అనే బండి దించింది. ముందు భాగం మోటార్‌సైకిలు, వెనక రెండు చక్రాల మీద సామాన్ల పెట్టె. 45 క్యూబిక్ అంగుళాల ఇంజను, అంటే మన లెక్కలో సుమారు 740 సీసీ. మూడు గేర్లతో పాటు రివర్స్ గేరు కూడా ఉండేది.

దీన్ని మొదట ఉద్దేశించింది కారు గరాజుల కోసం. అప్పట్లో ఎవరి కారైనా సర్వీసింగుకి తేవాలంటే ఇద్దరు మనుషులు వెళ్ళాలి, ఒకడు కారు తేవాలి, ఇంకొకడు వెళ్ళిన బండి తేవాలి. సర్వీకార్ ఉంటే ఒక్కడు చాలు. మెకానిక్ దాని మీద ఇంటికి వెళ్ళి, బండి ముందున్న కడ్డీని కారు వెనక బంపరుకి తగిలించి, కారు నడుపుకుంటూ వచ్చేవాడు. సర్వీకార్ వెనకాలే దొర్లుకుంటూ వచ్చేది. తిరిగి అప్పగించడమూ అలాగే. ఒక జీతం మిగిల్చే బండి కాబట్టి చేతిలో డబ్బులాడని రోజుల్లో కూడా అమ్ముడుపోయింది.

కొద్దికాలానికే పోలీసులకి నచ్చింది. పార్కింగు చూసుకునే పోలీసు వీధిలో మెల్లగా వెళ్తూ, బండి దిగకుండానే పొడుగు కర్రకి గుచ్చిన సుద్దముక్కతో నిలిపి ఉన్న కార్ల టైర్ల మీద గీత గీసేవాడు. గంట తర్వాత వచ్చి చూస్తే ఆ గీత అక్కడే ఉంటే జరిమానా. అడుగడుక్కీ ఆగాలి, కాలు కింద పెట్టే పని ఉండకూడదు. రెండు చక్రాల బండికి అది కుదరదు. ఐస్‌క్రీములు అమ్మేవాళ్ళూ, చిన్న సామాన్లు చేరవేసేవాళ్ళూ కూడా దీన్ని వాడుకున్నారు. కాలితో తన్నే పని లేకుండా మీట నొక్కితే స్టార్టయ్యే సౌకర్యం హార్లీ బళ్ళల్లో ముందు వచ్చింది 1964 సర్వీకార్‌కే. పెద్ద బళ్ళకి ఆ మరుసటి ఏడు వచ్చింది. 1973 దాకా, నలభై ఏళ్ళకి పైగా, ఈ బండి తయారవుతూనే ఉంది.

ఇక్కడ ఢిల్లీ ‘ఫట్‌ఫటీ’ని తలుచుకోకుండా ఉండలేం. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న హార్లీలూ ఇండియన్ మోటార్‌సైకిళ్ళూ అక్కడ మిగిలిపోయాయి. వాటి వెనక భాగం కోసి, రెండు చక్రాలూ బెంచీలూ తగిలించి పాత ఢిల్లీకీ కనాట్ ప్లేస్‌కీ మధ్య జనాన్ని ఎక్కించుకుని తిప్పేవారు. కాలుష్యం కారణంగా 1998లో వాటిని ఆపేశారు. మిల్వాకీ ఇంజనీర్లకి తట్టిన ఆలోచనే ఢిల్లీ మెకానిక్కులకీ తట్టింది. రెండుచోట్లా కారణం ఒకటే, పొట్ట గడవడం.

మరి బతుకుతెరువు బండి షికారు బండి ఎప్పుడయింది? దానికి మూడు పాయలున్నాయి.

మొదటిది సైడుకారు. మోటార్‌సైకిలుకి పక్కన తొట్టిలాంటి సీటు తగిలిస్తే అదీ మూడు చక్రాల బండే. డాట్ రాబిన్సన్ అనే ఆవిడ 1912లో ఆస్ట్రేలియాలో పుట్టింది. తండ్రి జేమ్స్ గోల్డింగ్ సైడుకార్లు తయారు చేసేవాడు. కుటుంబం మిషిగన్ రాష్ట్రానికి వలస వచ్చింది. మగవాళ్ళే జంకే ‘జాక్ పైన్’ ఓర్పు పందెంలో 1940లో ఆవిడ సైడుకారు విభాగంలో గెలిచింది. లిండా డుజోతో కలిసి ‘మోటార్ మెయిడ్స్’ అనే స్త్రీల సంఘాన్ని స్థాపించి, దానికి పాతికేళ్ళు అధ్యక్షురాలిగా ఉంది. ఎనభై దాటాక కూడా బండి నడిపిన మనిషి. 1999లో పోయింది. ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

రెండోది కాలిఫోర్నియా కుర్రకారు. 1960ల చివర్లో పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్ల వెనక సగాన్ని, ఇంజనుతో సహా, మోటార్‌సైకిల్ ముందు భాగానికి అతికించి వింత బళ్ళు తయారు చేసేవారు. కార్ల రూపాలు మార్చడంలో పేరు మోసిన ఎడ్ రాత్ ఇలాంటివి చేసినవాళ్ళలో ముఖ్యుడు. బీటిల్ ఇంజను వెనకే ఉంటుంది, నీళ్ళక్కర్లేదు, పాతసామాన్ల వాళ్ళ దగ్గర చౌకగా దొరికేది. అదే దాని కిటుకు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, ఒక తరం వయసు. 1960లో అమెరికాలో రిజిస్టరయిన మోటార్‌సైకిళ్ళు ఆరు లక్షల లోపు. 1970కి 28 లక్షలు. 1980కి 57 లక్షలు. జపాన్ నుంచి వచ్చిన చిన్న హోండాలూ యమహాలూ కాలేజీ పిల్లలకి అందుబాటులోకి వచ్చాయి. యుద్ధానంతరం పుట్టిన ఆ పిల్లలే తర్వాత ఉద్యోగాల్లో స్థిరపడి, పిల్లల్ని పెంచి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మళ్ళీ బళ్ళు కొన్నారు. మోటార్‌సైకిల్ ఇండస్ట్రీ కౌన్సిల్ సర్వేల్లో బండి యజమానుల మధ్యస్థ వయసు 1990లో 32. 2014కి 47. 2018కి 50. కొత్తగా చేరే కుర్రవాళ్ళు తక్కువ, పాతవాళ్ళు వదలరు. ఆ తరం ఎంత ముదిరితే సగటు రౌతు అంత ముదిరాడు.

వయసు మీద పడుతున్న సంగతిని వాళ్ళు దాచుకోలేదు. 1969లో ఒక మోటార్‌సైకిల్ పత్రికలో నడిచిన ఉత్తరాల్లోంచి ఒక సంఘం పుట్టింది. నలభై నిండితేనే సభ్యత్వం. దాని పేరు ‘రీట్రెడ్స్’. అరిగిపోయిన టైరుకి కొత్త రబ్బరు అతికించడాన్ని మన లారీల వాళ్ళంతా రీట్రేడింగ్ అనే అంటారు. ఇంతకన్నా సరసమైన పేరు నేను వినలేదు.

అయితే రబ్బరు అతికించినా లోపలి చట్రం పాతదే కదా. దూరప్రయాణాలకి పనికొచ్చే పెద్ద హార్లీలూ హోండా గోల్డ్‌వింగ్‌లూ దాదాపు నాలుగు వందల కిలోల బరువుంటాయి. పరిగెడుతున్నంతసేపూ ఆ బరువు తెలియదు, చక్రాల వేగమే నిలబెడుతుంది. తెలిసేది ఆగినప్పుడు. సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టాలి. అక్కడ కంకరో చమురు మరకో ఉంటే, లేక మోకాలు ఒక్క క్షణం మొరాయిస్తే, బండి ఒరుగుతుంది. ఒకసారి ఒరగడం మొదలెట్టిన నాలుగు వందల కిలోల్ని డెబ్బై ఏళ్ళ మనిషి ఆపలేడు. వెనక భార్య కూర్చుని ఉంటుంది. చాలామంది పెద్దవాళ్ళని భయపెట్టింది వేగం కాదు, ఈ నిలబడడమే.

దీనికి పరిష్కారం చిన్న వర్క్‌షాపుల్లోంచి వచ్చింది. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రంలో జాన్ లేమన్ అనే ఆయన 1980ల మధ్యలో తన భార్య కోసం ఒక మోటార్‌సైకిలుని మూడు చక్రాల బండిగా మార్చాడు. అది చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. అదే వ్యాపారమయింది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం విప్పేసి, ఆ స్థానంలో డిఫరెన్షియల్ ఉన్న ఇరుసూ రెండు చక్రాలూ బిగించి, పైన ఫైబర్ గ్లాసు పెట్టె కూర్చడం. స్టార్లీ 1877లో చేసిన పనే, వందేళ్ళ తర్వాత ఇంకో రూపంలో. లేమన్ ట్రైక్స్ తర్వాత సౌత్ డకోటాలోని స్పియర్‌ఫిష్‌కి మారింది. 1938 నుంచి మోటార్‌సైకిళ్ళ జాతర జరిగే స్టర్జిస్ అక్కడికి ఇరవై మైళ్ళ దూరం. ట్రైక్ నడిపేవాళ్ళకి ‘బ్రదర్స్ ఆఫ్ ద థర్డ్ వీల్’ అని ఒక సంఘం కూడా వెలిసింది.

చివరికి పెద్ద కంపెనీలు కళ్ళు తెరిచాయి. 2007లో కెనడాలోని క్యుబెక్ నుంచి బీఆర్‌పీ కంపెనీ ‘కెన్ యామ్ స్పైడర్’ తెచ్చింది. మంచు మీద నడిచే స్కీడూలు చేసిన కంపెనీ అది. దీనికి రెండు చక్రాలు ముందు, ఒకటి వెనక. బండి అదుపు తప్పబోతే బ్రేకుల్నీ ఇంజన్నీ తనంతట తానే సర్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది. 2009 మోడలుగా హార్లీ డేవిడ్సన్ ‘ట్రైగ్లైడ్’ దించింది. దాని మూడు చక్రాల హంగు సమకూర్చడంలో లేమన్ వాళ్ళే భాగస్వాములు. 1973లో సర్వీకార్ ఆపేశాక ఆ కంపెనీ అమ్మిన మొదటి మూడు చక్రాల బండి అది. సర్వీకార్ పుట్టింది 1930ల మాంద్యంలో, ట్రైగ్లైడ్ పుట్టింది 2008 మాంద్యంలో. మొదటిది జీతం మిగల్చడానికి, రెండోది పాత ఖాతాదారుల్ని మిగుల్చుకోవడానికి.

ఇంతమాత్రాన మూడు చక్రాలంటే భద్రత అనుకోకూడదు. మన ముక్కాలిపీటనే చూడండి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కదలకుండా నిలబడుతుంది. కానీ దాని మీద కూర్చుని కాలు లేని వైపు వంగితే నాలుగు కాళ్ళ పీటకన్నా ముందు పడేస్తుంది. ట్రైక్‌దీ అదే స్వభావం. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలుతుంది. ట్రైక్ వాలదు, మనిషిని బయటికి తోస్తుంది. వేగంగా తిప్పితే లోపలి చక్రం నేల వదులుతుంది. ముందు ఒకే చక్రమున్న బండిలో మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా చక్రం లేని మూలకి పోతుంది. స్పైడర్‌కి రెండు చక్రాలు ముందు పెట్టడంలో లాభం అదే. 1980ల్లో పొలాల్లో, ఇసుకలో నడిపే మూడు చక్రాల బళ్ళు బోల్తాపడి పిల్లలు చనిపోతుంటే, ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1988లో కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి.

ఇంకో ప్రమాదం అలవాటులో ఉంది. నలభై ఏళ్ళు రెండు చక్రాల మీద తిరిగినవాడు సిగ్నల్ దగ్గర తెలియకుండానే కాలు కింద పెడతాడు. ట్రైక్ మీద ఆ కాలు వెనక చక్రం కింద పడుతుంది. హ్యాండిల్ తిప్పే పద్ధతి కూడా వేరు. అందుకే వీటికి ప్రత్యేకంగా శిక్షణ తరగతులున్నాయి. లైసెన్సు నిబంధన రాష్ట్రానికొక రకం. కొన్నిచోట్ల కారు లైసెన్సు సరిపోతుంది, కొన్నిచోట్ల మోటార్‌సైకిల్ పరీక్షో, మూడు చక్రాలకే పరిమితమైన పరీక్షో రాయాలి. 1975లో అమెరికాలో మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో పోయినవాళ్ళలో యాభై దాటినవాళ్ళు నూటికి ముగ్గురు. ఇప్పుడు మూడో వంతు పైనే. ‘ఇక చాలు నాన్నా’ అనే పిల్లల భయం వట్టి చాదస్తం కాదు.

అయినా ఆ గ్యాస్ స్టేషన్ పెద్దాయన నా మనసులోంచి పోలేదు. దానికి కారణం చెప్పి ముగిస్తాను.

మా నాన్నగారికి ఒక స్కూటరు ఉండేది. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం దాని మీద లైబ్రరీకి వెళ్ళి, పేపర్లన్నీ చదివి, అక్కడ నలుగురితో వాదించి, వస్తూ వస్తూ కూరలు తెచ్చేవారు. డెబ్బై రెండో ఏట రైలు గేటు దగ్గర ఆగి ఉండగా కాలు పట్టు తప్పి పడిపోయారు. ఆగి ఉన్న బండి. మోచెయ్యి చీరుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు. నేను ఇక్కడినుంచి ఫోన్లో, తమ్ముడు అక్కడ ఇంట్లో, కలిసి ఆయన్ని ఒప్పించాం. స్కూటరు అమ్మేశాం. అమ్మేముందు మెకానిక్ ఒక మాట అన్నాడట, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి సైడు చక్రాలు బిగిస్తాను, పెద్దాయన ఇంకో పదేళ్ళు తిరుగుతారు అని. నాన్నగారు ఏమీ అనలేదట. తమ్ముడు నాకు చెబితే, వద్దురా, కుంటివాళ్ళ బండిలా ఉంటుంది, నలుగురూ నవ్వుతారు అన్నది నేనే.

కాళ్ళు సరిగా లేనివాళ్ళు ఆ సైడు చక్రాల బండి మీదే ఉద్యోగాలకి వెళ్ళొస్తున్నారు, పిల్లల్ని బడికి దింపుతున్నారు. నవ్వడానికి అందులో ఏముందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆటోలో వెళ్ళొచ్చుగా అన్నాం. ఆయన నాలుగైదుసార్లు వెళ్ళారు. ఆటోవాడి కోసం నిలబడడం, తిరిగొచ్చేటప్పుడు దొరక్కపోవడం, అవన్నీ చూసి మానేశారు. పేపరు ఇంటికే వేయించుకున్నారు. వాదించడానికి మాత్రం ఎవరూ లేకపోయారు.

పసివాడికి మూడు చక్రాల బండి చేయించడానికి మనం సిగ్గుపడలేదు. సైడు చక్రాలు బిగించడానికి ఎంతవుతుందో ఆ రోజు మెకానిక్‌ని అడగనైనా అడగలేదు.